కొండ దాకా ఊరికే

ఆదివారం టిఫిన్లు అయ్యాక బకెట్టు, పాత బనీను గుడ్డ పట్టుకుని పెరట్లో కూర్చుని సైకిల్ కడగడం నా పని. ఎవరూ అప్పగించలేదు. మొదటి వారం మా ఆయన త్రినాధరావు మట్టి కొట్టుకుపోయిన సైకిల్ని గోడకి ఆనించి, "బిందూ, కొంచెం తుడిచేద్దూ, నడుం పట్టేసింది" అన్నారు. ఆ కొంచెం అలాగే ఉండిపోయింది. అత్తగారికి కాళ్ళు కొంచెం పట్టు, చొక్కా కొంచెం ఇస్త్రీ చెయ్యి, మావాళ్ళు వస్తున్నారు కొంచెం ఉప్మా కలుపు. నా కాపురమంతా ఈ కొంచెం పనులే.

ఆయనది పరవాడలో మందుల కంపెనీ ఉద్యోగం. అనకాపల్లి దాకా స్కూటర్ మీద పోయి కంపెనీ బస్సెక్కుతారు. పొట్ట తగ్గించుకోమని డాక్టరు చెప్పాక, స్నేహితుడు దేవీప్రసాద్ మాటమీద ఈ సైకిల్ కొన్నారు. గ్రావెల్ బైక్ అంటారట. కిందికి వంగిన హ్యాండిలు, గరుకు టైర్లు, చక్రం మధ్య చిన్న పళ్ళెంలా మెరిసే బ్రేకు డిస్కు. మా బుచ్చయ్యపేట వైపు గ్రావెల్ అంటే లారీల్లో తెచ్చి పోసే ఎర్రమట్టి. చెరుకు చేలు దాటాక అలాంటి దారే జీడితోటల్లోంచి ఎక్కుతూ దిగుతూ కొండ అడవిలోకి పోతుంది. అటు లారీ రాదు, బస్సు రాదు. ఆదివారం పొద్దున్నే మగాళ్ళు నలుగురు అక్కడికి పోయి, ఆకలితో మా ఇంటికొచ్చి పడతారు. తిన్నాక మా ఆయన ఫోన్లో ఫొటో పెడతారు. కింద 'నేను, అడవి, ఏకాంతం' అని రాస్తారు. ఆ ఏకాంతానికి కోడిగుడ్లు ఉడకబెట్టిందాన్ని నేనే.

మిగతా రోజులు అనకాపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. అక్కడా మీటింగ్ పెడితే టీ కప్పులు అందించేది లేడీ టీచర్లే. "మీ చేత్తో ఇస్తేనే టీకి రుచి మేడం" అంటాడు కరస్పాండెంటు. నవ్వి ఊరుకుంటాను. నవ్వీ నవ్వీ నా దవడలకు అది అలవాటైపోయింది.

సైకిల్ కడిగేటప్పుడు మాత్రం వేరేగా ఉండేది. వెనక చక్రం ఎత్తి పెడల్ తిప్పి వదిలితే టకటకమని ఒక శబ్దం. అది వింటే నా కాళ్ళు ఊరుకునేవి కావు. చిన్నప్పుడు మా నాన్న పెద్ద సైకిల్ మీద, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కుతూ చెరుకు తోటకి కారేజీ పట్టుకెళ్ళేదాన్ని. ఎదిగాక నాన్నే సైకిల్ తీసి అటకెక్కించాడు. ఒకసారి మా ఆయన్ని అడిగాను, నేనూ తొక్కి చూడనా అని.

"నీకెందుకే ఇది? బేలెన్స్ తప్పితే పళ్ళు రాలతాయి. అయినా నీకు టైమేదీ?" అని నవ్వారు.

మా అత్తగారు తలుపులమ్మ వంటింట్లోంచే అందుకుంది. "ఆడు పోయింది సాలక నువ్వు కూడా ఎల్లిపో. పొయ్యి నేను ముట్టించుకుంటాను."

నా టైమెటు పోయిందో వాళ్ళిద్దర్నీ అడగాలనిపించింది. టకటకమని చక్రం తిప్పుకుని లోపలికొచ్చేశాను.

దసరాకి బళ్ళపూజ చేశాం. స్కూటరుకీ, బోరు మోటారుకీ, సైకిల్‌కీ అత్తగారే స్వయంగా బొట్లు పెట్టింది. ఆ తర్వాతి ఆదివారం కొండ దిగుతుంటే మా ఆయనకి బ్రేకు పట్టలేదు. చెరుకు చేలోకి దూసుకుపోయారు. మోచెయ్యి కొంచెం గీరుకుంది. పరువు మాత్రం పూర్తిగా గీరుకుంది, దేవీప్రసాద్ వీడియో తీశాడు మరి.

"కడగడం కూడా చేతకాదేటి నీకు? ఏం పూసేవు దానికి?" అని అందరి ముందూ నామీద అరిచారు. ఉప్మా గరిట చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఆయన దేవీప్రసాద్ వైపు తిరిగి, "బావా, ఈ సైకిల్ మొహం నాకు చూపించకు. వచ్చే ఆదివారం పట్టుకుపో" అన్నారు.

నా గుండె జారిపోయింది. నన్ను తిట్టినందుకు కాదు, దానికి అలవాటు పడ్డాను. సైకిల్ వెళ్ళిపోతుందని. ఒక్కసారైనా ఎక్కని సైకిల్ కోసం పెరట్లో కూర్చుని ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని చూద్దును కదా, డిస్కు మీద జిడ్డుగా ఎర్రటి మరక. వేలు పెట్టి వాసన చూశాను. నువ్వుల నూనె.

వెనకే అత్తగారు నిలబడి ఉంది. "కుంకం నీళ్ళతో కలిపితే బొట్టు రాలిపోతాదని నూనేసి కలిపేను. సక్రం మద్దిన తళతళలాడతంటే అక్కడ పెట్టేను. దాన్లో బ్రేకుంటాదని నాకేటి తెల్సు?" అంది. ఆవిడ గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు. "ఆడికి సెప్పేస్తావేటి?"

"చెప్పను" అన్నాను.

ఆ వారమంతా స్కూలు నుంచి రాగానే అదే పని. కరోనా నాటి శానిటైజరు సీసా ఒకటి అలమరలో ఉండిపోయింది. ఫోన్లో వీడియో చూసి, దాంతో డిస్కు తుడిచి, బ్రేకు ముక్కలు విప్పి గరుకు కాగితంతో రుద్దాను. పని అయ్యాక బ్రేకు నొక్కితే చక్రం ఠక్కున ఆగింది. నాకు ఈల వెయ్యాలనిపించింది.

ఆదివారం మా ఆయనకి అనుకోకుండా డ్యూటీ పడింది. తెల్లారకముందే వెళ్ళిపోయారు. సైకిల్ పట్టుకుపోడానికి దేవీప్రసాద్ టిఫిన్ వేళకి వస్తాడు. నేను పప్పు రుబ్బబోతూ ఆగాను. చెయ్యి కడుక్కుని పెరట్లోకి వెళ్ళి, సీటు నా ఎత్తుకి దించి, చున్నీ నడుముకి బిగించాను.

అత్తగారు గుమ్మంలోంచి చూసింది. "నాకేటి సెప్పకు. నేనేటి సూడనేదు" అని లోపలికిపోయి రుబ్బురోలు ముందు కూర్చుంది.

మొదట తూలాను. వీధి చివరికి నిలదొక్కుకున్నాను. చెరుకు చేలు దాటి ఎర్రమట్టి మీదికి ఎక్కగానే టైర్ల కింద గులకరాళ్ళు కరకరమన్నాయి, నా కాళ్ళకి అంతా గుర్తొచ్చేసింది. ఎంత బాగుందో ఎలా చెప్పను. అనకాపల్లి రోడ్డు మీద స్కూటర్ వెనక కూర్చుని, లారీ హారన్ మోగినప్పుడల్లా ఒళ్ళు ముడుచుకునేదాన్ని. ఇక్కడ హారన్ లేదు. "చూసుకో", "జాగ్రత్త" అనేవాళ్ళు లేరు. జీడితోట పచ్చి వాసన, నా ఊపిరి చప్పుడు, అంతే. ఒక మిట్ట ఎక్కితే ఇంకో మిట్ట. తొడలు మండుతున్నాయి, చెమట కళ్ళలో పడుతోంది, నాకు నవ్వొస్తోంది. ఇది స్కూల్లో నవ్వే నవ్వు కాదు.

కొండ మీద కట్టెలమోపులు దించుకుని ఇద్దరు ఆడవాళ్ళు కూర్చున్నారు. పెద్దామె అడిగింది.

"ఎవులమ్మా నువ్వు? ఏ పనిమీద వచ్చేవు?"

ఎప్పుడు గడప దాటినా ఒక పని చేతిలో ఉండేది. స్కూలు, రేషను, అత్తగారి మందులు, పెళ్ళిలో వడ్డన. ఇప్పుడు వెతికితే ఏదీ దొరకలేదు.

"ఊరికే వచ్చాను" అన్నాను.

"ఊరికేనా?" అని ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దామె పకపకా నవ్వింది. "బాగుందే ఇది. అయితే దిగు, మేం సూత్తాం."

అదే దిగుడు. మా ఆయన జారింది ఇక్కడే. సైకిల్ దానంతటదే వేగం అందుకుంది. చెట్లు కలిసిపోయి ఒకటే పచ్చగా వెనక్కి పోతున్నాయి. చెరుకు చేను మలుపు మీదికొచ్చేస్తోంది. మెల్లగా బ్రేకు నొక్కాను. పట్టింది. నా చేత్తో రుద్దిన బ్రేకు, నన్ను పట్టుకుని మలుపు తిప్పింది. పెద్దగా కేకేశాను. వెనక కొండ మీంచి వాళ్ళిద్దరూ కేకేశారు.

ఇంటికొచ్చేసరికి దేవీప్రసాద్ వరండాలో అత్తగారు వేసిన పెసరట్టు తింటున్నాడు. పక్కనే సైకిల్ కట్టడానికి తెచ్చిన తాడు. నన్నూ, దించిన సీటునీ మార్చి మార్చి చూశాడు.

"చెల్లెమ్మా, ఆ డౌను నువ్వు దిగేవా?"

"దిగానన్నయ్యా. సైకిల్ ఇవ్వట్లేదు, ఏమనుకోకండి."

అతను వెంటనే మా ఆయనకి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాడు. విషయం విని ఆయన నన్నే అడిగారు.

"ఎక్కడికెళ్ళేవు?"

"కొండ దాకా."

"అక్కడేటి పని నీకు?"

అత్తగారు అట్లకాడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను ఫోను దగ్గరికి వంగి చెప్పాను.

"ఏం పనీ లేదండి, ఊరికే వెళ్ళాను. వచ్చే ఆదివారం కూడా ఊరికే వెళ్తాను. టిఫిన్లు మీరు కొంచెం చూసుకోండి."