మామయ్య రేకు ముక్క

కారు కొనే బేరగాడు ఐదింటికల్లా వస్తానన్నాడు. షెడ్డు గోడ మీద గడియారం అప్పుడే నాలుగు దాటింది. ఈలోగా మామయ్య కారు రోగమేంటో మెకానిక్ అల్లుడు తేల్చాలి, లేదంటే ఆయన దాన్ని అమ్మేస్తాడు. పోయేది కారొక్కటే అయితే పోనీలే అనుకునేవాడు. ఆ పెద్దమనిషి ఇక జన్మలో స్టీరింగు ముట్టనని భీష్మించుకు కూర్చున్నాడు.

ముప్పై ఏళ్లు బస్సు తోలిన మనిషి మరి. పోయినవారం ఎత్తు రోడ్డు మీద లారీని దాటబోతుంటే కారు మధ్యలో గుక్కపట్టింది. పక్కసీట్లో అత్తయ్య, ఎదురుగా ఇంకో లారీ. ఎలాగో బయటపడ్డారు గానీ, ఆ రోజు నుంచి ఆయనకి ఒకటే రంధి.

"తప్పు బండిదా, నా కాలిదా? తేల్చి చెప్పు అల్లుడూ. కాలిదైతే ఇవాళే తాళాలు ఇచ్చేస్తా" అంటూ చేతులు వెనక్కి కట్టుకుని షెడ్డంతా అడుగులతో కొలుస్తున్నాడు.

అల్లుడికి చెయ్యి ఆడటం లేదు. ఆ పాత టర్బో కారు మెల్లగా పోతే మహా సాధువు, ఎత్తులో గట్టిగా తొక్కితే దడదడ కొట్టుకుంటుంది. కంప్యూటర్ తగిలిస్తే మంట సరిగా అంటుకోవడం లేదంది. ఏ సిలిండర్లో అంటే ఓసారి రెండంది, ఓసారి నాలుగంది. నిప్పురవ్వ పుట్టించే కాయిళ్లు అటూ ఇటూ మార్చాడు. టర్బో గొట్టాలకి సబ్బునీళ్లు పూసి బుడగల కోసం కాచుక్కూర్చున్నాడు. పెట్రోలు ప్రెషరూ చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. బండిలో తప్పు ఇదీ అని చూపించలేకపోతే మామయ్య నింద తన కాలి మీదే వేసుకుంటాడు, అదే వాడి భయం.

చూడనివి స్పార్కు ప్లగ్గులు మాత్రమే. "అవి నెల కిందటే నా చేత్తో మార్చా" అని ఆయన పొద్దున్నే చెప్పేశాడు. ఇంకెవరైనా ఆ మాటంటే అల్లుడు నవ్వి విప్పేసేవాడు. పిల్లనిచ్చిన మామ పనిని ఆయన కళ్లముందే అనుమానించడానికి మనసొప్పలేదు. ఆ మొహమాటం పూట మొత్తం మింగేసింది.

నాలుగున్నరకి మామయ్య టీకి వెళ్లాడు. అల్లుడు దొంగలా ఒక ప్లగ్గు విప్పాడు. కొత్తదే, మెరుస్తోంది. నిప్పురవ్వ దూకే సందు మాత్రం ఉండాల్సినదానికి ఒకటిన్నర రెట్లుంది. మిగతా మూడూ అంతే. టర్బో ఇంజన్లోకి గాలిని కుక్కినప్పుడు అంత సందులో రవ్వ దూకలేదు. డిక్కీలో మామయ్య పనిముట్ల సంచి వెతికితే, ఆయన తన పాత కారు రోజుల నుంచి దాచుకున్న, ప్లగ్గు సందు చూసుకునే కొలత రేకు దొరికింది. ఆ కారుకి టర్బో లేదు. రేకు ముక్క ప్లగ్గు సందులో సరిగ్గా పట్టింది. మామయ్య ఆ పాత కారు కొలతే దీనికీ పెట్టేశాడు.

రేకుని జేబులో వేసుకుని, సందులు తగ్గించి బిగించేసరికి ఐదుకి పది నిమిషాలు తక్కువ. మామయ్యని బలవంతాన స్టీరింగు ముందు కూర్చోబెట్టి వంతెన ఎత్తు దగ్గరికి తీసుకెళ్లాడు.

"తొక్కండి. ఇంకా."

కారు ఒక్క వణుకు లేకుండా పైకి లాగింది. మామయ్య వంతెన మీద ఓ పక్కకి ఆపాడు.

"ఏం పోయింది?"

"కాయిల్, మామయ్యా. మార్చేశా."

"పాతదేదీ?"

విప్పిన పాత సామాను బండి ఓనరు చేతిలో పెట్టాలన్నది ఆ షెడ్డు పద్ధతి. అది నేర్పింది మామయ్యే. జేబులో ఉన్నది రేకు ముక్క ఒక్కటే. తీసి ఆయన చేతిలో పెట్టాడు.

మామయ్య దాన్ని తిప్పి తిప్పి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అయితే కాలు కాదు."

"కాదు మామయ్యా."

"చెయ్యి."

అల్లుడు కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ రేకు ఇవ్వకుండా ఉండాల్సిందని బాధపడ్డాడు. ఇంతలో మామయ్య ఫోను మోగింది. బేరగాడు షెడ్డు ముందున్నాడట.

"ఏమనుకోకు బాబూ, బండి నేనే తోలుకుంటున్నా" అని మామయ్య ఫోను పెట్టేశాడు. రేకు ముక్క అల్లుడి ఒళ్లో పడేశాడు. "ప్లగ్గులు ఇక నువ్వే చూసుకో. బెల్టు పెట్టుకో, ఈ ఎత్తు ఇంకోసారి ఎక్కిద్దాం."