బండ్లబాట మీద గేటు

వైరా రోడ్డు వెంట ఖమ్మం పెరుగుతోంది. పెరగనీ, నాకేం కడుపుమంట లేదు. మా మామగారు కృష్ణానది అవతలి నుంచి వచ్చి ఈ చేను కొన్నారు. మేమూ వచ్చినవాళ్లమే, కానీ ఎవరి దారీ మూయలేదు.

చేను నుంచి రోడ్డు పక్కన మిరపకాయ ఎండబోసే మా కళ్లం దాకా బండ్లబాట ఉండేది. దానికి అటూ ఇటూ ప్లాట్లు చేసి, సిమెంటు పోసి, కాలనీ అన్నారు. ఈ మాఘంలో రోడ్డు వైపు ఇనుప గేటు పెట్టి వాచ్‌మన్‌ను కూర్చోబెట్టారు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా?

ఏటా లాగే భద్రాచలం అడవి పల్లె నుంచి జంపక్క తన ముఠాతో మిరపకోతకు వచ్చింది. పేర్లు రాసి, వేలిముద్రలు వేస్తేనే లోపలికి పంపుతానన్నాడు వాచ్‌మన్.

"దొంగలమా ఏంది, వేలు ఒత్తనీకి?" అంది జంపక్క. పద్దెనిమిది మందీ నెత్తిన మూటలతో గట్ల మీదుగా చుట్టూ తిరిగి చేను చేరారు. నా చేనికొచ్చే మనుషులు ఆ మాట పడ్డందుకు నాకు ఆ పూట అన్నం సయించలేదు.

మొదటి కోత ట్రాక్టరుకెత్తి కళ్లానికి బయల్దేరితే గేటు తీయలేదు. పండుకాయ రెండు రోజులు కుప్పలో ఉంటే నల్లబడుతుంది. ఏడాది కష్టం బూడిదే.

"ట్రాక్టర్లకు పర్మిషన్ లేదు సీతారావమ్మగారూ," అన్నాడు కాలనీ ప్రెసిడెంటు రామకృష్ణ.

"సరే బాబూ," అన్నాను. గేటు నుంచి అతని ఇంటి మెట్ల దాకా పరదాలు పరిపించి, కాయంతా అక్కడే ఎండబోయించాను.

కాలనీవాళ్ల కార్లు కదల్లేదు. వాళ్లు పోలీసును పిలిచారు. వచ్చిన కానిస్టేబుల్ నా చేతిలోని ఊరి నక్షా చూసి, "ఇది బాటే కదండీ," అని వెళ్లిపోయాడు.

ఐదో రోజుకు కాయ గలగలలాడింది. జంపక్క వాళ్లు కాళ్లతో తిరగేస్తుంటే ఘాటు లేచి కాలనీ అంతా తుమ్ములు. రామకృష్ణ ముక్కుకు రుమాలు కట్టుకుని వచ్చాడు.

"మీ ట్రాక్టరుకు పర్మిషన్ ఇస్తాం. కూలీల పేర్లు లిస్టు రాసివ్వండి, చాలు."

ఒప్పుకుంటే నా కాయ గట్టెక్కుతుంది. కానీ జంపక్క నా వైపే చూస్తోంది. ఆ చూపు ముందు నేనా పేర్లు రాసిచ్చేది?

"పర్మిషన్ ఇవ్వడానికి బాట నీదా? గేటు పీకించు. లేదంటే రెండో కోత కూడా ఇక్కడే పోస్తాను."

సాయంత్రానికి వెల్డింగువాడు వచ్చి గేటు కోసి పక్కన పడేశాడు.

తెల్లారి ముఠా ఊళ్లో సామాన్లు కొనుక్కుని నడిబాటన తిరిగొస్తుంటే, వాచ్‌మన్ అలవాటుగా రిజిస్టరు తీశాడు.

"రాసుకో తమ్మీ," అంది జంపక్క, నడక ఆపకుండానే. "పన్నెండేండ్ల సంది గిట్లనే వస్తున్నమని."