నా పేరు మీద ఒక్కపొద్దు

మా ఆయనకు ఉడకబెట్టిన గుడ్డు పొట్టు తీస్తుండగా సారమ్మక్క బరువు చూసే మిషన్ పట్టుకొని వచ్చింది. ఆమె మా వీధికి ఆశా వర్కరు. మా ఆయన జగదీశ్‌కు టీబీ అని తేలి రెండు నెలలైంది. కొత్తకోట హైవే పక్కన లారీల పని చేసే మనిషి, దగ్గు వస్తే డీజిల్ పొగ అనుకొని చాలా రోజులు తోసేశాడు. ఇప్పుడు తగ్గింది. రోజుకు రెండు గుడ్లు, పల్లీలు, పాలు. కిటికీలు తెరిచి ఉంచడం, ఆయన నోటికి అడ్డం పెట్టుకునే బట్టలు ఉడకబెట్టి ఎండలో వేయడం, వేళకు మందు అందించడం, ఇవన్నీ ఎవరు చూసుకుంటారని సారమ్మక్క మొదటి రోజే అడిగింది. అందరూ నా వైపు చూశారు.

ఆయన మిషన్ ఎక్కాడు. నాలుగు కిలోలు పెరిగాడు. అత్తమ్మ గోడ మీది కురుమూర్తి స్వామి పటానికి దండం పెట్టింది. "నా మొక్కు విన్నడు సామి."

ఆ మొక్కు నా పేరు మీద ఉంది. ఆయన మంచం పట్టిన వారం అత్తమ్మ కొబ్బరికాయ కొట్టి, "నా కొడుకు దగ్గు పోయేదాక నా కోడలు శనివారం ఒక్కపొద్దు ఉంటది సామీ" అని మొక్కింది. నేనప్పుడు వంటింట్లో గంజి కాస్తున్నాను. తర్వాత వచ్చి చెప్పింది. "నాకు షుగర్ గదా, ఉండలేను. మగనికోసం పగటిపూట తినకుంటే ఏం పోతది?" నాకూ తప్పనిపించలేదు. స్వామి అంటే నాకు భక్తి. ఇప్పటికీ ఉంది.

చిక్కంతా గోలీలతో వచ్చింది. రోగి ఉన్న ఇంట్లో మిగతావాళ్లకు జబ్బు రాకుండా వారానికొకసారి మింగమని ఇచ్చారు. శనివారం పొద్దున, అన్నం తిన్నాక. అత్తమ్మ మింగింది. నేను ఆదివారం మింగుదామని పటం వెనక పెట్టాను. ఆదివారం ఆయనకు మటన్, చూడవచ్చినవాళ్లకు చాయ్, వారం బట్టల ఉతుకు. మూడింటికి కంచం ముందు కూర్చుంటే గిన్నె అడుగున పులుసు, కళ్ల మీద కునుకు. సోమవారం గుర్తొస్తే, రోజు తప్పాక మింగొచ్చో లేదోనని భయం. అట్లా నాలుగు శనివారాలు. మింగినవా అని సారమ్మక్క అడిగినప్పుడల్లా తల ఊపాను. దీపం పెట్టిన ప్రతిసారీ ఆ అబద్ధం పటం వెనక నుంచి నన్ను చూసేది.

"గీతా, నువ్వు గూడ ఎక్కు" అంది సారమ్మక్క.

"దాన్నెందుకక్కా, గాలొస్తే కొట్టుకపోయేటిది" అని ఆయన నవ్వాడు.

ముప్పై ఆరు. సారమ్మక్క తన పుస్తకం తిప్పింది. "మొదట్ల ముప్పై తొమ్మిదున్నవ్. పొద్దుగాల ఏం తిన్నవ్?"

"ఇయ్యాల శనివారం గదా, దానికి ఒక్కపొద్దు" అంది అత్తమ్మ.

"మరి గోలీ ఏం తిని మింగుతున్నది?"

నేను పటం వెనక నుంచి పొట్లాలు తీసి ఆమె చేతిలో పెట్టాను. నాలుగూ ఉన్నాయి. సారమ్మక్క తిట్టలేదు.

"మేం గూడ ఉపవాసముంటం గీతా. యేసయ్య ఎన్నడూ గోలీ వద్దన్లే. బరువు దిగినవ్, ఇగ ముందు పరీక్షలు కావాలె. ఇప్పుడే దవాఖానకు పోదాం. జర తిని రా."

ఆయన ముఖం వాడిపోయింది. నా కోసమే అనుకున్నాను.

"దీనికి గూడ అంటుకుంటే ఇంట్ల ఎవరు చేస్తరే అమ్మా?" అన్నాడు.

కోపం రాలేదు. ఎక్కడన్నా కాసేపు కూర్చోవాలనిపించింది. స్వామి పటం వైపు చూశాను. నా ఆకలి కావాలని స్వామి ఎప్పుడైనా అడిగాడా? ఇస్తానన్నది అత్తమ్మ. ఊరుకున్నది నేను.

వంటింట్లోకి పోయి, ఆయన కోసం వండిన అన్నం, పప్పు నా కంచంలో పెట్టుకున్నాను. అత్తమ్మ గడపలో నిలబడింది.

"గదేందే, మొక్కు తప్పుతవా?"

"మొక్కింది నువ్వు అత్తమ్మా. సామి నీ మాట విన్నడంటివి గదా. గిది గూడ నువ్వే చెప్పుకో."

"నాకు షుగర్ గదనే!"

"నేను ముప్పై ఆరున్న."

ఆమె పక్కకు జరిగింది. నేను మెల్లగా, కడుపునిండా తిన్నాను. పొగ కమ్మిన వంటింటి కిటికీ పూర్తిగా తెరిచి, చెయ్యి కడుక్కొని సారమ్మక్క వెంట బయలుదేరుతుంటే ఆయన వెనక నుంచి అడిగాడు. "మరి నాకు?"

"ఒక గుడ్డు పొట్టు తీసిన" అన్నాను. "రెండోది నువ్వు తీసుకో."