తాతమ్మ ఏరుకున్న ఇల్లు

గజపతినగరం సంతలో గోనెపట్టా మీద కూర్చుని తాతమ్మ ఎండుచేపలు ఏరుతోంది. నెత్తళ్ళు ఒక కుప్ప, సావిళ్ళు ఒక కుప్ప, తునిగినవి పక్కకి. కళ్ళు జనం మీద ఉన్నా, ఉప్పుకి పగిలిన ఆ వేళ్ళు మాత్రం పొరబడవు. పెళ్ళైన నాటినుంచీ తీరం నుంచి బస్సెక్కి రావడం, అమ్ముకోవడం, చీకటి పడ్డాక ఖాళీ గంపతో దిగడం. ఇప్పుడు మోకాళ్ళు మొరాయించాయి. అందుకే ఇక్కడే ఓ చిన్న ఇల్లు కొనాలని పట్టుబట్టింది.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దమనిషి ఇల్లు కొని చూసినట్టు లేదు. చూసినప్పుడు ప్రతి ఇల్లూ నచ్చేది, వెనక్కి బస్సెక్కాక ఒక్కటీ నచ్చేది కాదు. ఇళ్ళు చూపించే గిరిబాబు విసిగిపోయాడు.

"అవసరాలేటో, ఆశలేటో ముందు ఏరుకో తాతమ్మా. నేకపోతే నీకు ఇల్లు దొరకదు."

ఏరడం వీడు నాకు నేర్పుతాడా అని నవ్వుకుంది గానీ, ఈ కుప్పలు ఆమెకి కుదరలేదు. కుళాయి అవసరం. ఇంట్లోనే మరుగుదొడ్డి, మోకాళ్ళకి అవసరం. చెమ్మెక్కిన చేపలు ఎండెయ్యడానికి డాబా అవసరమే. గుమ్మానికి పచ్చరంగు ఆశే, కానీ ఎంత ఆశ! మొగుడు సూరయ్య అడిగింది ఒక్కటే: "సముద్రం సప్పుడు ఇనబడాల." గజపతినగరంలో సముద్రమెక్కడిది? చప్పుడు కూడు పెడుతుందా? దాన్ని ఆశల్లోకి విసిరేసింది.

మధ్యాహ్నం గంప పక్కామెకి అప్పజెప్పి, సూరయ్యని వెంటబెట్టుకుని గిరిబాబు వెనకాలే మరో ఇంటికి వెళ్ళింది. తిప్పగానే కుళాయిలో నీళ్ళు, డాబా నిండా ఎండ. గుమ్మం కూడా పచ్చగానే ఉంది. తాతమ్మకి సంబరం పట్టలేదు.

"ఏటి మావా, తీసీసుకుందుమా?"

సూరయ్య గది మధ్యన నిలబడి, తల ఓ పక్కకి వంచి చాలాసేపు విన్నాడు. పక్కింట్లో మిక్సీ తిరుగుతోంది.

"నీకన్నీ అమిరాయి గదే తాతీ. కొనీసుకో. నాను అప్పుడప్పుడూ వస్తాను."

"వస్తావా? ఉండవా?"

"నాకిక్కడ నిద్దర పట్టదే." ఆ మాటలో కోపం లేదు. "బస్సుకి ఏళయిపోనాది" అని బయటికి నడిచాడు.

పిలవబోయి ఆగిపోయింది. ఏమని పిలవాలి? కుళాయినీ డాబానీ గుర్తుపెట్టుకుని మరీ ఏరింది కానీ మొగుణ్ణి ఏ కుప్పలోనూ వెయ్యలేదు. తనెక్కడుంటే అక్కడికి వచ్చే మనిషే అనుకుంది. అతను అవసరమో ఆశో ఎంతకీ తేలక ఆమెకి ఏడుపొచ్చింది.

"ఏటమ్మా, కాయమేనా?" అన్నాడు గిరిబాబు.

"తెలీదు బాబూ."

బస్సు హారన్ విని గుమ్మంలోకి వచ్చింది. వీధి ఖాళీగా ఉంది. టౌనుకి వస్తున్నాడని పొద్దున్నే ఆమె కొనిచ్చిన కొత్త చెప్పులు, ఇసకలో వట్టికాళ్ళతో తప్ప నడవని మనిషి మర్చిపోయాడో, వద్దనుకునే వదిలేశాడో, ఇంట్లోకి వస్తున్నట్టుగా లోపలివైపు తిరిగి మెట్టు మీద ఉన్నాయి.