పెత్తందారు లేని నాణెం

మా బావ బంగారంలాంటి ఉద్యోగం మానేసి, కంప్యూటర్లలో తప్ప కంటికి కనిపించని నాణెం ఒకటి తయారుచేశాడు. మా అక్క గొడవ చేయలేదు. అది మరీ ప్రమాదం.

"నెలాఖరులోగా ఒక్క కొట్టువాడైనా మీ నాణెం తీసుకోవాలి. లేదంటే మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాలి," అంది. ఆఫీసు పేరెత్తితే బావకి ప్రాణం పోయినంత పని.

ఈ నాణేనికి పెత్తందారు ఉండడట. దాన్ని నడిపే ప్రోగ్రాం ఐదు కంప్యూటర్లలో ఉండేది: బావది, నాది, మా అమ్మది, పిన్నిది, వీధి చివర బేకరీ ఆయనది. నడిపినవాళ్ళకి నాణేలు పుడుతూ ఉంటాయి. ఏ నియమం మార్చాలన్నా సగానికి మించి కంప్యూటర్లు ఒప్పుకోవాలి. ఈ సంగతి భోజనాల దగ్గర చెప్పి చెప్పి బావ మా చెవులు చిల్లులు పడేలా చేశాడు. అందరికంటే శ్రద్ధగా విన్నది అమ్మే. కుట్టుమిషను పక్కనే కంప్యూటరు పెట్టుకుని, పొయ్యి మీద పాలు చూసినట్టు చూసుకునేది.

నెలాఖరు దగ్గర పడ్డాక బావ లబోదిబోమంటూ మా ఇంటికొచ్చాడు.

"కొంప మునిగిందిరా! ఒక సున్నా ఎక్కువ పెట్టేశాను. నాణేలు కుప్పలుగా పుట్టేస్తున్నాయి. అందరూ కొత్త ప్రోగ్రాం వేసుకోవాలి."

నేను వేసుకున్నాను. అమ్మ ససేమిరా అంది.

"ఇచ్చేటప్పుడు ఒక మాట, ఇచ్చాక ఒక మాటా అల్లుడుగారూ? నేను మార్చను."

అమ్మ మార్చకపోతే పిన్నీ మార్చదు. తన అక్క అయిన అమ్మ మాట కాదనే ధైర్యం మా పిన్నికి ఈ జన్మలో రాదు. ఇటు ఇద్దరం, అటు ఇద్దరు. ఇక దిక్కు బేకరీ ఆయనే. ఆయన కొత్త ప్రోగ్రాం వేసుకుంటే నాణెం బావ చెప్పినట్టు నడుస్తుంది, లేకపోతే అమ్మ చెప్పినట్టు.

నెలాఖరున అక్కని వెంటబెట్టుకుని బేకరీకి వెళ్ళాం. బావ ఒక బ్రెడ్డు అడిగి, ఫోను నొక్కి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. బేకరీ ఆయన తన కంప్యూటరు చూసి తల అడ్డంగా ఊపాడు.

"మీ నాణెం తీసుకోవట్లేదండీ. నాది పాత ప్రోగ్రామే. మీ అత్తగారు మార్చొద్దన్నారు. రోజూ నా దగ్గర కొనేది ఆవిడే కదా!"

అప్పుడే అమ్మ సంచీతో వచ్చింది. ఫోను ఒక్కసారి నొక్కింది. కంప్యూటరు కిణుక్కుమంది. బేకరీ ఆయన బ్రెడ్డు కాగితంలో చుట్టి ఇచ్చాడు.

"పెత్తనం ఎవరికీ లేదని మీరేగా చెప్పారు అల్లుడుగారూ," అంది అమ్మ, కాస్త భయంగానే.

నేను అక్క మొహం చూడలేకపోయాను. బావని చూస్తే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. పాపం, ఆఫీసు గుర్తొచ్చిందేమో అనుకున్నాను. ఆయన నా భుజం పట్టుకుని కుదిపేశాడు.

"పనిచేస్తోందిరా! చివరికి నా మాట కూడా వినట్లేదు!"

అక్క ఆ సంతోషం చూసి, అమ్మ చేతిలోంచి బ్రెడ్డు తీసుకుంది.

"కొట్టువాడు తీసుకున్నాడు కదా. ఆఫీసు వద్దులెండి," అంది. "ఇంటికెళ్ళి ముందు మీరు కూడా అమ్మ ప్రోగ్రామే వేసుకోండి."