అమ్ములు రాసి పంపని మాట

అప్పలకొండమ్మ మనవడి సంచిని మూడోసారి విప్పి సర్దింది. మరమరాల పొట్లం, తువ్వాలు, రెండు జతల బట్టలు, వాటి మధ్య గుడ్డలో చుట్టిన చిన్న పెట్టె. పడవకు దారి చూపే పెట్టె అది. అందులోని ప్రోగ్రాంను గోపీనాథ్, అతని చెల్లెలు అమ్ములు, నలుగురు స్నేహితులు కలిసి రాసి జాలర్లకు ఊరికే ఇస్తున్నారు. దాన్ని సముద్రం మీద పరీక్షించడానికే గోపీనాథ్ చేపల ట్రాలర్ ఎక్కుతున్నాడు.

"పది రోజులే గదా మామ్మా. యుద్ధానికి పంపినట్టు ఆ మొకమేటి?"

"నీళ్లకాడికి ఎల్తూ నవ్వులాటలొద్దురా."

అతను ట్రాలర్ ఎక్కిన మర్నాడు మధ్యాహ్నమే అమ్ములు కోల్‌కతా న్యూ టౌన్‌లోని ఆఫీసు నుంచి హౌరా టికియాపారాలోని ఇంటికి వచ్చేసింది. చెప్పులైనా విప్పకుండా కంప్యూటర్ ముందు కూలబడింది. ఫోన్‌లో స్నేహితుడు సాయి కిరణ్.

"ఛార్జింగ్ తగ్గితే పెట్టె పాత చోటునే చూపిస్తోంది అమ్ములూ. ఎవరూ గమనించలేదా?"

"శుక్రవారమే రాశాను కదా."

"నా దగ్గరికి రాలేదే."

అమ్ములు ఫోన్ పెట్టేసి గబగబా ఏదో టైపు చేసింది.

"ఏటయ్యిందే?" అంది ముసలామె.

"ఏ కంపెనీ మూతపడినా మా మాటలు పోకూడదని పెట్టెలో కనిపెట్టిన తప్పుల చిట్టా ఎవరిది వాళ్ల మిషన్లోనే ఉంచుకున్నాం మామ్మా. రాసింది మిగతావోళ్లకి పంపాలి. ఆఫీసులో అలాక్కాదు, రాస్తే చాలు అందరికీ కనపడిపోతాది. ఆ అలవాటులో రాసీసి ఊరుకున్నాను."

"ఉత్తరం రాసీసి డబ్బాలో ఎయ్యలేదన్నమాట."

"ఇప్పుడు పంపేను. అందరికీ అందింది."

"ఆడికో?"

అమ్ములు అన్నకి ఫోన్ కలిపింది. గోపీనాథ్ ఫోను అప్పటికే సిగ్నల్ దాటిపోయింది.

పడవలు బయల్దేరే నామ్‌ఖానా రేవులోని ట్రాలర్ యజమానికి అమ్ములు పదకొండుసార్లు ఫోన్ చేసింది. "వైర్‌లెస్‌లో పిలుస్తూనే ఉన్నాను దిదీ, పలకడం లేదు" అన్నాడతను. మూడో రోజు గాలి లేచింది. అప్పలకొండమ్మ అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. వీధిలో ఎవరి అడుగు వినిపించినా అమ్ములు కంటే ముందు ఆమే గుమ్మంలో ఉండేది.

గోపీనాథ్ ఎక్కిన ట్రాలర్ ఇసుకమేటకు కొట్టుకుని ఒరిగిపోయింది. మేట మీద చిక్కుకున్న ఎనిమిది మందిని వేరే పడవవాళ్లు తెచ్చారు. మేట ఇంకా దూరముందని పెట్టె చూపించిందనీ, దాన్నే నమ్మి పోనిచ్చామనీ ట్రాలర్ నడిపిన సరంగు చెప్పాడు. చెబుతున్నంతసేపూ రేవుకొచ్చిన అమ్ములు వైపు చూడలేదు.

ఆ ఎనిమిది మందీ ఒడ్డు చేరింది 2023 ఆగస్టు పదకొండు, శుక్రవారం. వాళ్లలో గోపీనాథ్ లేడు. ఆ తర్వాతా తిరిగి రాలేదు.