దించిన ఇరుసు

హనుమంతు వెల్డింగు షెడ్డు ఫిలింనగర్ దిగువన, బండరాళ్ళని ఆనుకుని ఉండేది. సెట్టింగులకి ఇనప చట్రాలు, జనరేటర్ బండ్లకి కొక్కేలు, లైట్లకి స్టాండ్లు, సినిమావాళ్ళకి ఏం కావాలన్నా అతికిచ్చేవాడు. ఏళ్ళ తరబడి వాళ్ళ పని చేస్తున్నా షూటింగు మాత్రం ఒక్కనాడూ దగ్గరుండి చూడలేదు. సరుకు తయారవగానే వాళ్ళ వ్యాను వచ్చి పట్టుకుపోయేది. ఇంట్లో భార్య మంజులత ఎగతాళి చేసేది, "అంత మంది హీరోలు నీ ఇనుము మీద నిలబడి పాటలు పాడిన్రు, నిన్ను ఒక్కడన్న చూసిండా?" అని.

ఒక ఎండాకాలం వేంకటరమణ అనే ఆర్టు డైరెక్టరు జీపు వెనక ఒక పడవని కట్టుకుని షెడ్డుకి వచ్చాడు. రెండు చక్రాల ట్రాలీ మీద ఉంది ఆ పడవ. దాంతోపాటే దిగాడు పోచయ్య. సింగూరు దగ్గర చేపలు పట్టే మనిషి. నీళ్ళు ఎక్కడుంటే అక్కడికి పడవని తీసుకుపోవడానికి ట్రాలీ చేయించుకున్నాడు. అప్పుడప్పుడూ సినిమాలకి కిరాయికి కూడా ఇస్తుండేవాడు.

"హీరోయిన్ గారికి నీళ్ళంటే హడలండీ," అన్నాడు వేంకటరమణ. "అందుకని జూబ్లీహిల్స్ స్టూడియోలో మోకాటి లోతు తొట్టి కట్టించాం. పడవని ట్రాలీ మీదే ఉంచి తాడుతో లాగుతాం. కెమెరాలో నదిలో పోతున్నట్టే ఉండాలి. కానీ చక్రాలు పైకి కనిపిస్తున్నాయి, పడవ గాల్లో తేలుతున్నట్టుంది. ఇంకా నీళ్ళు పోస్తే గోడ ఆగేలా లేదు. ట్రాలీనే కిందికి దించాలి."

హనుమంతు ట్రాలీ కింద పడుకుని చూశాడు. ఇరుసు రెండు కొసలూ కోసి, మందపాటి పలకలు పెట్టి, చక్రాలు తొడిగే ముక్కల్ని జానెడు పైకి అతికితే సరి. చక్రాలు నేల మీదే ఉంటాయి, నడిమధ్య ఇరుసూ దాని మీద పడవా కిందికి దిగుతాయి.

పోచయ్య పక్కనే గొంతుక్కూర్చుని చూస్తున్నాడు.

"తమ్మీ, గిట్ల దించితే స్టూడియోల మంచిగనే ఉంటది. మా దిక్కు తొవ్వ నీకు తెల్వదు. ఎండకాలం నీళ్ళు లోపలికి పోతయి. నీళ్ళ దాక అంత రాళ్ళే. బండ్లు నడిచీ నడిచీ నడుమ గట్టు లేచి ఉంటది. షూటింగు అయినంక మల్ల ఎట్లున్నదో అట్ల చేసియ్యాలె."

"జర ఫికర్ వెట్టుకోకన్నా. సగం పూట పని. నా చేతితోని కోసిన, నా చేతితోనే ఎక్కిస్త."

అట్లా మాట ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు మనసులో ఏ మోసమూ లేదు.

ట్రాలీ స్టూడియోకి పోయింది. హనుమంతు కూడా దాంతో పాటు రావాలని పట్టుబట్టాడు వేంకటరమణ. నీళ్ళలో ఏదైనా ఊడితే చూసుకోవాలి కదా. తొట్టిలో దించారు. చక్రాలు పూర్తిగా మునిగిపోయాయి. పడవ అంచుల్ని నీళ్ళు నాకుతున్నాయి. తాడు లాగగానే పడవ కదిలింది, నిజంగా తెడ్డు వేసినట్టే. డైరెక్టరు కెమెరాలోంచి తల ఎత్తి, "ఎవరయ్యా ఇది చేసింది?" అని అడిగాడు. వేంకటరమణ హనుమంతు భుజం మీద చెయ్యి వేసి ముందుకి తోశాడు. యూనిట్టు మొత్తం చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లు అతని చెవుల్లోంచి పోలేదు. ఆ మర్నాడూ పోయాడు. క్రేను చక్రం కిర్రుమంటోందని ఒకరు, కెమెరా బండి నడిచే పట్టాలు ఎత్తుపల్లాలుగా ఉన్నాయని ఒకరు పిలిచేవాళ్ళు. భోజనాలు వాళ్ళతోనే. డైరెక్టరు పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు. షెడ్డుకి సగం రోజులు తాళమే.

పడవ సీన్లు అయిపోయాయి, ట్రాలీ పడవతో సహా షెడ్డుకి తిరిగొచ్చింది. పోచయ్య మోతీనగర్‌లో బంధువుల ఇంట్లో ఉండి పొద్దున్నే షెడ్డుకి వచ్చేవాడు. ఒకసారి హనుమంతు దొరికాడు.

"తమ్మీ, వానలు పడకముందే పోవాలె. కొత్తనీళ్ళు వచ్చినయంటే మాకు పట్టుడు ఉండదు. జర ఇరుసు ఎక్కియ్యి."

"రేపు చేస్తనన్నా. మల్ల తీసుడు ఉంటదేమో అంటున్నరు ఆర్టోళ్ళు."

అది సగమే నిజం. మళ్ళీ తీయాల్సి వస్తుందేమోనని వేంకటరమణ ఒకసారి అన్నాడు గానీ, తర్వాత అక్కర్లేదని కూడా అన్నాడు. హనుమంతు మొదటి మాట చెప్పి రెండోది మింగేశాడు. ఆ రేపు రాలేదు. దాని తర్వాతి రేపూ రాలేదు.

ఇక ఆగలేక పోచయ్య స్టూడియో గేటు దగ్గరికే వచ్చాడు. వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదు. తువ్వాలు నెత్తిన వేసుకుని గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడే హనుమంతు క్రేను పక్కన ఉన్నాడు. డైరెక్టరు అతనికేదో చేత్తో చూపించి చెబుతున్నాడు. తల తిప్పితే గేటు కనిపించింది, గేటు అవతల పోచయ్య కనిపించాడు. పోచయ్య చెయ్యి ఎత్తాడు.

హనుమంతు మొహం ఇటు తిప్పుకున్నాడు. ఈ ఒక్క మాట వినేసి పోదాం అనుకున్నాడు. ఆ మాట తర్వాత ఇంకో మాట వచ్చింది, తర్వాత షాటు మొదలైంది. తీరా బయటికి వచ్చేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు.

ఇంటికి పోతే మంజులత చెప్పింది.

"పోచయ్యన్న వచ్చి పోయిండు. జీపు కిరాయికి మాట్లాడుకున్నడట, ఇగ ఉండలేనన్నడు. ట్రాలీని గట్లనే కట్టుకపోయిండు, తొవ్వల మెల్లగ పోతనని చెప్పమన్నడు."

రెండు రోజుల తర్వాత కబురు వచ్చింది. నీళ్ళకి దిగే బాటలో, నడుమ గట్టు మీది రాయికి ఇరుసు తగిలి ట్రాలీ ఆగిపోయిందట. జీపు గట్టిగా లాగేసరికి ట్రాలీ ఒక పక్కకి లేచిందట. పడవ జారకుండా పోచయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. పడవ అతని చేతి మీదే బండకి ఒరిగింది.

హనుమంతు మొదటి బస్సుకే పోయాడు. ఆస్పత్రి నుంచి అప్పటికే ఇంటికి తెచ్చారు. పోచయ్య కుడిచేతికి మణికట్టు నుంచి వేళ్ళ దాకా కట్టు ఉంది. వేళ్ళు మిగిలాయిగానీ పట్టు రాదని డాక్టర్లు చెప్పేశారు. అడుగున పలకలు చీలిన పడవ బాట పక్కనే పడి ఉంది. హనుమంతు ముందు ట్రాలీ దగ్గరికి పోయి చూశాడు. తను వేసిన అతుకు చెక్కుచెదరలేదు. అదే అతనికి భరించరానిదిగా అనిపించింది. విరిగినా బాగుండేది.

పోచయ్య భార్య అనసూయమ్మ చాయ్ ఇచ్చింది. ఇచ్చి లోపలికి పోయింది. పోచయ్యే మాట కలిపాడు.

"నీ పనిల వంక లేదు తమ్మీ. నేనే తొందరపడ్డ."

"జర ఆగితే అయిపోతుండె గదన్నా..."

"ఆగిన గద, గేటు కాడ." పోచయ్య కిటికీ వైపు చూస్తూ అన్నాడు. "చెయ్యి లేపిన గూడ. నువ్వు ఇటు చూసినట్టే అనిపించింది. మల్ల అనుకున్న, గంత మందిల నేనెట్ల అగుపడ్త అని. నువ్వు చూడలే గావొచ్చు, గాదా?"

అడిగిన మనిషి కళ్ళలో కోపం లేదు. ఒక్క జవాబు కోసం ఆశ ఉంది, ఏ జవాబైతే ఇద్దరికీ సులువో ఆ జవాబు కోసం. హనుమంతు చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"చూడలేదన్నా," అన్నాడు.

"గదే అనుకున్న," అన్నాడు పోచయ్య. అతని మొహం తేలికపడింది.

ట్రాలీని షెడ్డుకి తెచ్చుకుని, పాత ఇరుసు తీసిపారేసి కొత్త గొట్టంతో కొత్తది చేశాడు హనుమంతు. మొదట్లో ఎంత ఎత్తుండేదో అంతే. స్టూడియో నుంచి పిలుపు వస్తే పోలేదు. పడవకి పలకలు కూడా మార్పించి, రెండూ తనే తీసుకుపోయి అప్పగించాడు. పోచయ్య ఎడమచేత్తో ట్రాలీని ఊపి చూసి, చాలా బాగుందన్నాడు. ఆ సీజను అప్పటికే పోయింది. తర్వాతి ఏడు నుంచి పడవ మీద అనసూయమ్మ, ఆమె తమ్ముడు పోసాగారు. పోచయ్య ఒడ్డున కూర్చుని ఎడమచేత్తో, పళ్ళతో వలల చిక్కులు తీసేవాడు.

హనుమంతు ఏడాదికోసారైనా పోయి వచ్చేవాడు. పోయిన ప్రతిసారీ ఈసారి చెప్పెయ్యాలనే పోయేవాడు. పోచయ్య మాత్రం అతన్ని చూడగానే లేచి, ఒడ్డున ఉన్నవాళ్ళని పిలిచి మరీ చెప్పేవాడు.

"మా తమ్ముడు. సినిమా పని ఇడిచిపెట్టి నా కోసం వచ్చిండు. గిసుంటి మనిషిని మీరు చూడరు."

వాళ్ళంతా గౌరవంగా చూసేవాళ్ళు. ఎవరో ఒకరు చేపల కూర వండించేవాళ్ళు. హనుమంతు తల వంచుకుని తినేవాడు, చెప్పకుండానే తిరిగి బస్సు ఎక్కేవాడు.